క్లాడా ఉంగరం 916లో చేయాలి: చరిత్ర, పెట్టుకునే దిశ, చేతుల పనితనం గురించి సలహా కావాలి

వశిష్ఠతీరం (నరసాపురం)

నమస్కారమండీ. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయికీ, పాలకొల్లు అబ్బాయికీ వచ్చే నెల తాంబూలాలు. ఇద్దరికీ ఒకే నమూనాలో ఉంగరాలు కావాలని ఐర్లండ్ ఉంగరం ఫొటో ఇచ్చారు. రెండు చేతులు, వాటి మధ్యలో గుండె, గుండె మీద కిరీటం. దాన్ని క్లాడా ఉంగరం అంటారట. అక్కడ 9, 14 క్యారట్లలో ఎక్కువ దొరుకుతుంది. ఇక్కడ పెద్దవాళ్లు మాత్రం 916 తప్ప ఒప్పుకోవడం లేదు.

అమ్మాయి సైజుకి వెండిలో నమూనా పోత పోయించాం. 3 గ్రాముల 40 మిల్లీ తూగింది. తేడాలు ఇవీ: కిరీటం మొనలు అయిదింటిలో రెండు నిండలేదు. గుండె వెనక వైపు సూదిమొనంత చిల్లులు. అన్నిటికంటే ముఖ్యం, చేతులు చేతుల్లా లేవు, రెండు తమలపాకులు గుండెకి అతికించినట్టున్నాయి. బంగారంలోకి దిగేముందు ఏం మార్చుకోవాలి?

ఇంకోటండీ. పెట్టెలో పెట్టడానికి చిన్న కార్డు అడిగారు. వాళ్లు రాసి పంపింది ఇది: "400 ఏళ్ల క్రితం సముద్రపు దొంగలకు చిక్కిన యువకుడు తన ప్రియురాలి కోసం చేసిన తొలి ఉంగరం." ఇది నిజమేనా? ఉంగరం ఎటు తిప్పి పెట్టుకోవాలన్నదీ చెప్పండి, పురోహితుడి గారి ముందు తికమక పడకూడదు.

పాతముద్ర

ముందు పేరు. రాసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు చూసి "క్లాడ్డాగ్" అనేస్తుంటారు. చివరి అక్షరాలు పలకవు, క్లాడా అనే అనాలి. ఐరిష్ భాషలో "అన్ క్లాడఖ్" అంటే రాళ్లున్న ఒడ్డు. అది ఊరి పేరు. ఐర్లండ్ పడమటి తీరాన గాల్వే నగరం ఉంది. కోరిబ్ నది అక్కడ గాల్వే అఖాతంలో కలుస్తుంది. నగరపు పాత గోడకి అవతల, నదికి పడమటి ఒడ్డున ఉన్న జాలరిపేట క్లాడా. అంతర్వేది దగ్గర పల్లిపాలెం ఎలాగో అలాగనుకోండి, కాకపోతే కోరిబ్ మన వశిష్ఠలా తాపీగా సాగే నది కాదు. పెద్ద సరస్సు నుంచి సముద్రానికి ఆరు కిలోమీటర్లే, పరుగు మీద వస్తుంది. క్లాడా జాలర్లు తమకో "రాజు"ని తామే ఎన్నుకునేవారు. ఆయన పడవకి తెల్ల తెరచాప ఉండేది. గడ్డి కప్పిన ఆ పాత ఇళ్లు 1930లలో పడగొట్టి కొత్త ఇళ్లు కట్టారు. పేరు మాత్రం ఉంగరానికి మిగిలింది.

ఇప్పుడు కార్డులో వాక్యం. అందులో మూడు మాటలు కుదరవు: "400 ఏళ్లు", "ప్రియురాలి కోసం", "తొలి".

యువకుడి పేరు రిచర్డ్ జాయిస్. గాల్వేని ఏలిన పద్నాలుగు వర్తక కుటుంబాల్లో జాయిస్‌లు ఒకరు. కథ ప్రకారం 1675 ప్రాంతంలో వెస్టిండీస్ వెళుతుంటే అల్జీరియా ఓడదొంగలు పట్టుకుని ఆల్జీర్స్‌లో అమ్మేశారు. కొన్నాయన సంపన్నుడైన స్వర్ణకారుడు. జాయిస్ అక్కడ పని నేర్చాడు. 1689లో ఇంగ్లండ్ రాజుగా మూడో విలియం గద్దెనెక్కాక అక్కడ బందీలైన తన ప్రజలను విడిపించినప్పుడు ఇతనూ బయటపడ్డాడు. యజమాని తన ఒక్కగానొక్క కూతుర్నీ సగం ఆస్తినీ ఇస్తానన్నా ఉండక గాల్వే వచ్చి కుంపటి పెట్టుకున్నాడు. 1820లో జేమ్స్ హార్డిమన్ అచ్చు వేసిన గాల్వే చరిత్రలో ఈ కథ ఉంది. అంటే జరిగిందన్న కాలానికి ఇంచుమించు 130 ఏళ్ల తర్వాత.

కాయితం మీద కథ సంగతి అలా ఉంచితే, లోహం మీద సాక్ష్యం గట్టిది. 1700 ప్రాంతపు ఉంగరాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి లోపల లంగరు గుర్తు, ఆర్, ఐ అక్షరాల ముద్ర కనబడతాయి. ఆ రోజుల్లో "జె" బదులు "ఐ" చెక్కేవారు కాబట్టి అది రిచర్డ్ జాయిస్ ముద్ర. కాబట్టి జాయిస్ ఉన్నాడు, ఈ ఉంగరం చేశాడు, ఈ రెండూ నిలబడతాయి. వయసు 300 ఏళ్ల పైచిలుకు, 400 కాదు. ప్రియురాలు ఎదురు చూసిందన్న ముక్క దుకాణాల గోడల మీద పెరిగిన కొమ్మ.

"తొలి" అన్నది ఇంకా కష్టం. గాల్వేలోనే బార్తలొమ్యూ ఫాలన్ అనే మరో పనివాడి పేరు చెబుతారు. 1676లో డొమినిక్ మార్టిన్ అనే స్వర్ణకారుడు రాసిన వీలునామాలో తన పనిముట్లు కొన్ని ఫాలన్‌కి రాసిచ్చాడు. అంటే జాయిస్ ఆల్జీర్స్‌లో ఉన్న రోజుల్లోనే గాల్వేలో ఈ పని తెలిసిన కుంపట్లు వెలుగుతున్నాయి.

అసలు నమూనా ఐర్లండ్‌లో పుట్టిందే కాదు. రెండు కుడిచేతులు కలుపుకున్న ఉంగరాలు రోమన్ల కాలం నుంచీ ఉన్నాయి, పెళ్లికీ ఒప్పందానికీ గుర్తుగా. ఇటలీలో వీటిని "మానీ ఇన్ ఫెదే" అన్నారు, నమ్మికతో కలిపిన చేతులని. అందుకే ఈ కుటుంబం మొత్తానికి ఫెదే ఉంగరాలని పేరు. మన పాణిగ్రహణం తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, అక్కడా పట్టుకునేది కుడిచెయ్యే. యూరప్‌లో మధ్యయుగం దాటాక జిమెల్ అని ఇంకో రకం వచ్చింది. రెండు మూడు రింగులు ఒకదాంట్లో ఒకటి ఇమిడి, విప్పితే లోపల గుండె కనబడేది. గాల్వే పనివాళ్లు ఆ గుండెని బయటికి తెచ్చి, నెత్తిన కిరీటం పెట్టి, ఆ రూపాన్ని అలాగే నిలబెట్టారు. నా ఉద్దేశంలో గొప్పతనం కనిపెట్టడంలో లేదు, మార్చకుండా పట్టుకోవడంలో ఉంది.

మార్గరెట్ జాయిస్ కథ కూడా ఎవరో పంపుతారు మీకు. పదహారో శతాబ్దంలో స్పానిష్ వర్తకుడైన మొదటి భర్త వదిలిన డబ్బుతో ఊరూరా వంతెనలు కట్టించిందనీ, ఒక గద్ద ఆవిడ ఒళ్లో బంగారు ఉంగరం పడేసి ఎగిరిపోయిందనీ. పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది, కార్డు మీద వద్దు.

అర్థాలకొస్తే చేతులు స్నేహం, గుండె ప్రేమ, కిరీటం విశ్వాసం, అంటే మాట తప్పకపోవడం. కిరీటం చూసి రాజభక్తి అనుకునేవాళ్లున్నారు. అలా అనుకోబట్టే తర్వాతి కాలంలో డబ్లిన్‌లో కిరీటం తీసేసిన రకం ఒకటి వచ్చింది, దాన్ని ఫీనియన్ (బ్రిటిష్ పాలన వద్దన్న ఐరిష్ ఉద్యమకారుల) క్లాడా అంటారు. మీ అమ్మాయి వాళ్లు పంపిన ఫొటోలో కిరీటం ఉంది కాబట్టి ఆ గొడవ లేదు. "క్లాడా ఉంగరం" అన్న పేరు కూడా పందొమ్మిదో శతాబ్దంలోనే స్థిరపడింది. దానికి ముందు ఆ తీరంలో అది పెళ్లుంగరం, అంతే. తల్లి నుంచి కూతురికి వచ్చేది.

మూసలో_మైనం

చరిత్ర పాతముద్ర గారు చెప్పేశారు, నేను పని గురించి చెబుతానండీ.

ఆకుల్లా ఎందుకొచ్చాయంటే రెండు కారణాలు. ఒకటి, మణికట్టు పట్టీ లేకపోవడం. అసలు క్లాడాలో ప్రతి చెయ్యీ చొక్కా చేతిమడత లాంటి పట్టీలోంచి బయటికొస్తుంది. రింగు పట్టీ ఎక్కడ ఆగిందో, చెయ్యి ఎక్కడ మొదలైందో ఆ రెండు గీతలే చెబుతాయి. అవి తీసేస్తే కన్ను రింగుని కాడగా, చేతిని ఆకుగా చదువుకుంటుంది. రెండోది బొటనవేలు. దాన్ని విడిగా, మిగతా వేళ్లకంటే కాస్త ఎత్తుగా, గుండె పై అంచున ఆనించాలి. నాలుగు వేళ్లు కింది అంచుని పట్టుకోవాలి. బొటనవేలు పడిన క్షణంలో అది చెయ్యవుతుంది, ముందు కాదు.

కొలతలు. ఆడవాళ్ల ఉంగరానికి గుండె వెడల్పు 7 మిల్లీమీటర్లు, కిరీటంతో కలిపి ముఖం ఎత్తు 9 నుంచి 10. ఒక్కో వేలు 0.7 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. కంప్యూటర్‌లో గీసేవాళ్లు తెర మీద పెద్దది చేసుకుని 0.4లో గోళ్లతో సహా గీస్తారు. మైనంలోనూ బాగానే కనబడుతుంది. పోత అయ్యాక ఆకురాయి, ఎమరీ, బఫ్ మూడూ కలిసి పైపొర తినేస్తాయి. చివరికి వేళ్లు పోయి నునుపు మిగులుతుంది. అందుకే వేళ్ల మధ్య గాడి లోతు 0.4 కైనా ఉంచి, పాలిష్ తర్వాత ఉలి మొనతో ఆ గాళ్లు మళ్లీ ఒకసారి తెరవాలి. గాడిలో నల్లగా నీడ నిలిస్తేనే వేలు వేలుగా కనబడుతుంది. ఈ చివరి పది నిమిషాల పనే ఉంగరానికి ప్రాణం, చాలామంది మానేసేదీ అదే.

గీసే దగ్గర ఇంకో పొరపాటు. ఒక చెయ్యి గీసి రెండోదానికి దాన్నే సగం చుట్టు తిప్పి పెడతారు. అప్పుడు ఒక బొటనవేలు పైకి, ఇంకోటి కిందికి పోతుంది. తిప్పకూడదు, అద్దంలో బొమ్మలా ప్రతిబింబం తీయాలి. మీ నమూనాలో బొటనవేళ్లు ఏ వైపున్నాయో ఒకసారి చూసుకోండి.

కిరీటం మొనలు నిండకపోవడం, గుండె వెనక చిల్లులు ఒకే జబ్బుకి రెండు లక్షణాలు. పోత కాడ, అంటే కరిగిన లోహం మూసలోకి దిగే దారి, రింగు పట్టీ వెనక పెట్టి ఉంటారు, ఎందుకంటే అక్కడైతే కోసి ఆకురాయి పట్టడం తేలిక. కానీ లోహం సన్నటి పట్టీ దాటి ముఖానికి చేరేసరికి చల్లారిపోతుంది. మొనల దాకా పోదు. పైగా పట్టీ ముందు గడ్డకట్టేస్తే, ఇంకా ద్రవంగా ఉన్న గుండె కుంచించుకుపోతూ కొత్త లోహం అడుగుతుంది, దారి మూసుకుపోయింది కాబట్టి అందదు. ఆ వెలితే చిల్లులు. కాడని రెండు పాయలు చేసి మణికట్టు పట్టీల దగ్గర చెరోవైపు పెట్టమనండి. శుభ్రం చేయడానికి పని పెరుగుతుంది, పెరగనివ్వండి. కిరీటం మొనల చివర గుండ్రంగా సన్న పూస పెడితే ఇంకా మంచిది. సూదిలాంటి మొన నిండదు, నిండినా చీర కుచ్చెళ్లు లాగుతుంది.

గుండెని వెనక నుంచి తొలిచి గోడ మందం 1 నుంచి 1.2 మిల్లీమీటర్లు ఉంచండి. మందం అంతటా ఒకేలా ఉంటే చిల్లులు తగ్గుతాయి, బరువూ తగ్గుతుంది. కానీ ఆ గుంటని లోతైన గిన్నెలా వదలొద్దు, అంచులు వాలుగా పరవండి. లేకపోతే ఇడ్లీ పిండి, సున్నిపిండి చేరి అక్కడే ఎండిపోతాయి.

ప్లాస్టర్ ఫ్లాస్కు కాల్చేటప్పుడు 730 డిగ్రీలు దాటనివ్వొద్దని పోత పోసేవాళ్లకి గుర్తు చేయండి. దాటితే ప్లాస్టర్‌లోని జిప్సం విడిపోయి గంధకపు వాయువు వదులుతుంది. అదీ చిల్లులకి కారణమే, పైగా ఉపరితలం గరుకవుతుంది.

బరువు లెక్క. వెండి నమూనా బరువుని 1.7తో హెచ్చించండి, 22 క్యారట్ బరువు దగ్గర దగ్గరగా వస్తుంది. మీది 3.040 కాబట్టి 5 గ్రాముల 170 మిల్లీ. గుండె తొలిస్తే అయిదు లోపు. అబ్బాయిది సైజు 22 అనుకుంటే, పట్టీ వెడల్పు 3.5, మందం 1.9 పెడితే కాసు మీద ఓ గ్రాము పడుతుంది. మేలిమి 10 గ్రాములకి 22 క్యారట్ కావాలంటే 917 మిల్లీ కలపాలి, రాగీ వెండీ కలిపి. 18 క్యారట్ అయితే 3 గ్రాముల 333.

నా మాట అడిగితే ఈ నమూనాకి 18 క్యారట్ నయం. 22 మెత్తన, కిరీటం మొనలు గుమ్మానికి తగిలితే వంగుతాయి, అయిదారేళ్లలో వేళ్ల గీతలు అరుగుతాయి. పెద్దవాళ్లు ఒప్పుకోరంటే 916లోనే చేయండి కానీ పట్టీ వెనక మందం 1.7 మిల్లీమీటర్ల కంటే తగ్గించకండి, మొనలు పొట్టిగా పెట్టండి.

మళ్లీ వెండి నమూనాకి ఫ్లాస్కు ఖర్చెందుకు అనుకుంటే ఒక పాత పద్ధతి ఉంది. మన తీరాన అలలు ఒడ్డున పడేసే సముద్రపు నురుగు బిళ్ల, అదే నాటువైద్యంలో వాడే తెల్ల తేలిక బిళ్ల. దాన్ని అడ్డంగా రెండుగా కోసి, రెండు ముఖాలూ ఒకదానికొకటి రాసి చదును చేయండి. ఇత్తడి అచ్చుని మధ్యలో పెట్టి అరచేత్తో నెమ్మదిగా నొక్కితే సుద్దలా దిగబడి అచ్చు పడుతుంది. పైన గరాటులా పోత దారి, కిరీటం మొనల నుంచి బయటికి జుట్టంత గాలి దారులు గీసి, ఇనుప తీగతో కట్టి పోయడమే. బిళ్ల ఎముకలా ఎండి ఉండాలి. తడి ఉంటే ఆవిరి తన్ని వెండి మొహం మీదకి చిమ్ముతుంది. అచ్చు ఒక్క పోతకే పనికొస్తుంది, ఉంగరం మీద అలల గీతలు పడతాయి. ఆకారం, నిష్పత్తి చూసుకోడానికి చాలు. అమ్మకానికి కాదు.

కొబ్బరాకు (అమలాపురం)

దిశ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. గుర్తు పెట్టుకోవాల్సింది గుండె మొన ఎటు చూస్తుందన్నదే. కుడిచేతికి, మొన గోటి వైపు ఉంటే మనసు ఖాళీగా ఉన్నట్టు. కుడిచేతికే మొన మణికట్టు వైపు తిరిగితే ఎవరో ఉన్నట్టు. ఎడమ చేతికి మొన గోటి వైపు ఉంటే నిశ్చితార్థం అయినట్టు. ఎడమ చేతికి మొన మణికట్టు వైపు ఉంటే పెళ్లయినట్టు. కాబట్టి తాంబూలాల రోజు ఎడమ ఉంగరం వేలికి మొన బయటికి పెట్టాలి, తాళి కట్టాక తిప్పుకోవాలి. ఫొటోల్లో తలకిందులుగా పెట్టుకుని కనిపించేవాళ్లున్నారు. తొడిగేముందు పెట్టెలోనే మొన ఎటుండాలో సరిచేసి పెట్టండి.

మనవాళ్లలో మగపిల్లలకి కుడిచేతికే ఉంగరం తొడగడం చాలా ఇళ్లలో ఉంది. కుడిచేతికి పెడితే ఐరిష్ లెక్కలో నిశ్చితార్థం అన్న అర్థం రాదు. ఏ అర్థం కావాలో ఇంటివాళ్లని ముందే అడగండి. అన్నం కలిపే చేతికి ఈ ఉంగరం ఎలాగూ ఇబ్బందే, వేళ్ల సందుల్లో పప్పు దూరుతుంది. ఆ ఒక్క కారణం చెప్పినా పెద్దవాళ్లు ఎడమచేతికి ఒప్పుకుంటారు.

పాతముద్ర

కొబ్బరాకు గారు చెప్పిన నాలుగు పద్ధతులూ ఇప్పటి వాడుకలో సరైనవే. గాల్వే పాతవాళ్లంతా తరతరాలుగా ఇలాగే తిప్పుకున్నారని మాత్రం కార్డులో రాయకండి.

చెరువుగట్టు

ఒక్క జాగ్రత్త. పాలకొల్లు, భీమవరం వైపు అంటున్నారు కాబట్టి రొయ్యల చెరువులుండొచ్చు. బ్లీచింగ్ పౌడర్ కలిపే చేతికి 9, 14 క్యారట్ ఉంగరం ఉండకూడదు. క్లోరిన్ తక్కువ క్యారట్ బంగారంలోని రాగి, వెండి, జింకు మీద పనిచేస్తుంది. ముఖ్యంగా వంగి ఒత్తిడిలో ఉన్నచోట, అంటే చేతికీ పట్టీకీ అతుకు దగ్గర, బయటికి తెలియకుండా వెంట్రుక పగులు తీస్తుంది. ఒకరోజు ఉంగరం టప్పున రెండు ముక్కలవుతుంది, చేసినవాడి మీదకి తగువొస్తుంది. 18 కొంత నయం, 22కి ఆ భయం చాలా తక్కువ. వెండి అయితే చెరువు అడుగున నల్ల బురద వాసన తగిలితే చాలు, గంధకానికి నల్లబడుతుంది. అది పగులు కాదు, తోమితే పోతుంది.

వశిష్ఠతీరం

అందరికీ ధన్యవాదాలండీ. నమూనా మళ్లీ చూశాం, ఎడమ బొటనవేలు కిందికే ఉంది. తిప్పేశారు.

ఇంకో మూడు సందేహాలు. అమ్మాయి అక్కడి దుకాణంలో సైజు "ఎల్" అని రాయించి పంపింది, మన నంబరు ఎంత? పెళ్లయ్యాక వేలు లావైతే ఈ ఉంగరం పెంచడం కుదురుతుందా? ఫొటోలో లోపల లంగరు, ఆర్ ఐ ముద్రలు ఉన్నాయి, అవి కూడా కావాలంటున్నారు.

మూసలో_మైనం

అక్షరాల సైజుల్లో ఎల్ అంటే లోపలి చుట్టుకొలత ఇంచుమించు 51.5 మిల్లీమీటర్లు. మన నంబరు చుట్టుకొలతలోంచి 40 తీసేస్తే వచ్చేది, కాబట్టి 11కీ 12కీ మధ్య. 12 చేయండి. కొలిచింది చలిదేశంలో, వేసవిలో మన ఉక్కపోతకి వేలు అర సైజు ఉబ్బుతుంది. ఇంకో సంగతి, రబ్బరు డై నుంచి మైనం తీసి పోత పోస్తే అన్నీ కలిపి మూడు శాతం దాకా కుంచించుకుపోతుంది. 52 మీద అది మిల్లీమీటరున్నర, అంటే సైజున్నర. అచ్చు 13.5 దగ్గర చేయించకపోతే చివర్లో 10.5 చేతికొస్తుంది.

పెంచడం కుదురుతుంది, పద్ధతిగా చేస్తే. కడ్డీ మీద పెట్టి సుత్తితో సాగదీయనివ్వొద్దు. ముఖం గట్టిగా ఉంటుంది, సాగదు. పట్టీ సాగి మణికట్టు పట్టీల దగ్గర సన్నబడి అక్కడే తెగుతుంది. పట్టీకి సరిగ్గా వెనక, గుండెకి ఎదురుగా కోసి, సైజుకి ఒక మిల్లీమీటరు చొప్పున అదే క్యారట్ ముక్క అతకాలి. రెండు మూడు సైజుల వరకు అందం చెడదు. అంతకు మించితే ముఖం వంపు వేలి వంపుతో కుదరదు. అతుక్కి కేడీఎం, అంటే కాడ్మియం కలిపిన టంకం, వాడొద్దు. కాడ్మియం పొగ పీల్చేవాడి ఊపిరితిత్తులకి చేటు, జింకు కలిపిన పొడి దొరుకుతోంది. అది కేడీఎంలా త్వరగా కరగదు, వెలిగారం ధారాళంగా పెట్టి మంట చుట్టూ తిప్పుతూ ఓపిక పట్టాలి. మంట గుండె మీద నిలిపారంటే కిరీటం మొనలు ముత్యాల్లా గుండ్రంగా కరిగిపోతాయి. ముఖాన్ని తడి గుడ్డతో చుట్టి ఉంచండి.

పాతముద్ర

లంగరు, ఆర్ ఐ వేయకండి. అవి అలంకారాలు కావు, ఒక మనిషి తన పనికి వేసిన సంతకం. ఫొటోలోది ఏ మ్యూజియం వస్తువుకో నకలై ఉంటుంది. ఇప్పటి ఐరిష్ ఉంగరం లోపల చేసినవాళ్ల ముద్ర, నాణ్యత అంకె, డబ్లిన్ ముద్రశాల గుర్తు ఉంటాయి. కూర్చున్న స్త్రీ బొమ్మ ఉంటే అది హైబర్నియా, 1730ల నుంచి వాడుకలో ఉంది. 375 అంటే 9 క్యారట్, 585 అంటే 14, 750 అంటే 18. డబ్లిన్ స్వర్ణకారుల సంఘానికి 1637లోనే రాజపత్రం వచ్చింది. గాల్వే అప్పట్లో డబ్లిన్‌కి దూరాభారం కాబట్టి అక్కడి పాత పనికి పనివాడి ముద్ర తప్ప ముద్రశాల గుర్తు కనబడటం అరుదు. "ఒరిజినల్" అన్న ముద్ర కూడా అడుగుతారు, అది గాల్వేలో 1750 నుంచి ఉన్నామని చెప్పుకునే థామస్ డిల్లన్స్ దుకాణంది. అదీ వద్దు.

మన ముద్రలు మనకున్నాయి. రెండు గ్రాములు దాటింది కాబట్టి బీఐఎస్ గుర్తు, 22కె916, ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ తప్పనిసరి. పట్టీ లోపలి వైపు పక్కకి ఎనిమిది మిల్లీమీటర్ల చదును వదలండి, కిందకి కాదు. సరిగ్గా కింద వేస్తే రేపు సైజు పెంచేటప్పుడు రంపం ముద్ర మీద నుంచే పోతుంది.

అమ్మాయి అక్కడ 9 క్యారట్‌ది కొనేసి తెచ్చినా తప్పులేదు, కాకపోతే అయిదు గ్రాముల ఉంగరంలో మేలిమి 1.875 గ్రాములేనని, మార్చేటప్పుడు అంతకే లెక్క కడతారని ముందే చెప్పాలి. గీటురాయి మీద గీత ఎర్రగా పారి, ఆసిడ్ చుక్కకి మాయమైపోతే "మోసపోయామ"ని పెద్దవాళ్లు గోల పెడతారు.

కార్డుకి ఇది వాడుకోండి:

"ఐర్లండ్‌లోని గాల్వే తీరాన క్లాడా అనే జాలరిపేట పేరు మీదుగా పిలిచే ఉంగరం. 1700 ప్రాంతంలో గాల్వే స్వర్ణకారుడు రిచర్డ్ జాయిస్ ముద్ర వేసిన ఉంగరాలు నేటికీ ఉన్నాయి. చేతులు స్నేహానికి, గుండె ప్రేమకు, కిరీటం విశ్వాసానికి గుర్తులు. నిశ్చితార్థానికి ఎడమ చేతికి, గుండె మొన గోటి వైపు. పెళ్లయ్యాక మణికట్టు వైపు."

వశిష్ఠతీరం

కార్డు అచ్చుకిచ్చేశామండీ. ప్రధానపు బిందెలో నీళ్లలో ఉంగరం వేసి తీయిస్తారు కదా, ఆ ఆటకి ఇదే వేస్తామంటున్నారు. పరవాలేదా?

మూసలో_మైనం

916కి నీళ్లతో ఏమీ కాదు. కానీ ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెట్టి లాక్కునే ఆట అది, మూతి ఇరుకు బిందె. కిరీటం మొనలు ఇత్తడికి గీసుకుని వంగుతాయి, లేదా పిల్ల గోరు చీరుతుంది. ఆటకి సాదా ఉంగరం వేయమనండి.